బీడు నేలలో బొమ్మల కొలువు

2025 వేసవిలో ఒకనాడు, తరగతి ముగిసిన పిమ్మట, విద్యార్థి యొకడు చేతిలోని ఫోనుతో నా యొద్దకు వచ్చి యొక ఛాయాచిత్రమును చూపినాడు. అందులో ఎండకు కాగిన యిసుక నేల. దూరమున బోడి కొండలు. ఆ నడుమ ఒకదానిపై నొకటి నిలిపిన పెద్ద పాలరాతి దిమ్మెలు. వానిపై ఉలి తాకిన జాడ లేదు. గనిలో కోసినవి కోసినట్లే యున్నవి.

“సార్, దీన్ని శిల్పం అంటున్నరు. గిట్లాంటి రాళ్లు మా ఊరి క్వారీ కాడ మస్తు పడి ఉన్నయి. అయి గూడ శిల్పాలేనా?” అని యడిగినాడు.

తోడి విద్యార్థులు నవ్విరి. నేనును నవ్వితిని. కాని యింటికి పోయిన తరువాత కూడ ఆ ప్రశ్న నన్ను విడువలేదు.

శేరిగూడలో నుండువారికి ఆ ప్రశ్న సహజమైనది. హైదరాబాదు నుండి నాగార్జునసాగరునకు పోవు దారిలో, ఇబ్రహీంపట్నమునకు చేరువగా నున్న యూరు మాది. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేర వెలసిన చెరువు ప్రక్కనే యున్నను, మా చుట్టుపట్ల నేల మెట్టనేల. వానలు తప్పిన యేడు చెరువు అడుగు ఆటస్థలమగును. నీటికంటె రాయి మాకు నిత్యదర్శనము. గుట్టలు, గుండ్లు, పరుపుబండలు, వానాకాలమున నీరు నిలుచు దొనలు. వీని నడుమనే మా బాల్యము గడచినది. ఆ రాయియే నేడు టన్నుల లెక్కన అమ్ముడుపోవు సరకు. కనుక రాయి యెప్పుడు శిల్పమగును, ఎప్పుడు కంకర యగును అను విచారము మాకు అలంకారశాస్త్ర చర్చ మాత్రము కాదు.

ముందుగా ఆ ప్రదర్శన మెట్టిదో చెప్పవలెను. దాని పేరు ‘డెసర్ట్ ఎక్స్’. అమెరికాలో, కాలిఫోర్నియా దక్షిణ భాగమున, లాస్ ఏంజిలిస్ నగరమునకు తూర్పుగా రమారమి 100 మైళ్ల దూరమున కోచెల్లా లోయ యని యొక ఎడారి ప్రాంత మున్నది. 2017లో అచ్చట మొదలై, రెండేండ్ల కొకమారు ఈ ప్రదర్శనము జరుగుచున్నది. 2025 మార్చి 8 నుండి మే 11 వరకు జరిగినది ఐదవది. దీనికి గోడలు లేవు, కప్పు లేదు, ప్రవేశరుసుము లేదు. కళాఖండములు మైళ్ల దూరముల మధ్య విడివిడిగా నుండును. చూడవచ్చినవారు పటము చేతబట్టుకొని, ఎండలో తిరిగి, వెదకి చూడవలెను. కొన్ని వారములు గడచిన పిమ్మట చాలవరకు వానిని విప్పి తీసివేయుదురు. మన యిండ్లలో పిల్లలు పండుగకు బొమ్మలకొలువు తీర్చి, పండుగ వెళ్లగానే ఎత్తిపెట్టుట వంటిదే యిదియును. పండుగ పిల్లలది కాదు, ఎడారిది.

ఇట్టి యత్నములకు అమెరికా దేశమున అంతకు ముందే యొక చరిత్ర కలదు. 1960ల చివర కొందరు యువశిల్పులు, కళ యనునది ధనవంతుల గోడలకు, వ్యాపారుల అంగళ్లకు బందీ యైనదని విసిగి, అమ్ముటకు, మోసుకొనిపోవుటకు వీలుకాని శిల్పములను నిర్మింపవలెనని ఎడారులకు పోయిరి. 1970లో రాబర్ట్ స్మిత్‌సన్ యూటా రాష్ట్రపు ఉప్పు సరస్సులో నల్లరాళ్లను, మట్టిని పేర్చి 1,500 అడుగుల పొడవు గల సుడివంటి కట్టను కట్టినాడు. కొలది కాలమునకే సరస్సు పెరిగి అది మునిగినది. దశాబ్దముల తరువాత కరవు వచ్చి, నీరు తగ్గి, ఉప్పు పూసిన తెల్లని సుడియై తిరిగి బయటపడినది. నీటి లెక్కను చెప్పు శిలాశాసనముగా అది నేడును నిలిచియున్నది.

అదే రాష్ట్రమున నాన్సీ హోల్ట్ అను శిల్పిని 1973–76 నడుమ నాలుగు పెద్ద కాంక్రీటు గొట్టములను ఎడారిలో నిలిపినది. ఒక్కొక్కటి 18 అడుగుల పొడవు, 9 అడుగుల వ్యాసము. ఉత్తరాయణ దక్షిణాయనములు మారు దినములలో, ఉదయించు సూర్యుడును అస్తమించు సూర్యుడును ఆ గొట్టముల నడుమ సరిగా కనబడునట్లు అమర్చినది. గొట్టముల పైభాగమున నక్షత్రమండలముల ఆకృతిలో రంధ్రములు తొలిపించినది. పట్టపగలు లోపల కూర్చున్నవారి పాదముల కడ వెలుగుచుక్కలు పరచుకొనును. ఈ సంగతిని పాఠకులు జ్ఞప్తియం దుంచుకొందురు గాక. మన నేలను గురించి చెప్పునప్పుడు తిరిగి దీని యవసరము వచ్చును.

ఇక కోచెల్లా లోయకు వత్తము. 2017లో డగ్ అయిట్‌కెన్ అను కళాకారు డొక సామాన్యమైన యింటిని కట్టి, గోడలకును, కప్పునకును, లోపలను, వెలుపలను అద్దములు తొడిగినాడు. ఇల్లు మాయమై కొండయు, ఆకాశమును మాత్రమే మిగిలినవి. భారతము చదివిన మనకు ఇది వింతగా తోపదు. మయుడు కట్టిన సభలో నేల నీరై, నీరు నేలయై సుయోధనుని భ్రమింపజేసిన కథ మనవారి నాలుకపై నున్నదే. కాని యొక భేద మున్నది. మయసభ రాజు వైభవమును చూపుటకు కట్టినది. ఈ యద్దాల యిల్లు తనను తాను దాచుకొని చుట్టునున్న బీడును చూపించినది.

2021లో నికొలస్ గలానిన్ అను అలాస్కా ఆదివాసి శిల్పి, 45 అడుగుల యెత్తు గల తెల్లని అక్షరములతో ‘ఇండియన్ ల్యాండ్’ అను రెండు మాటలను ఆ యెడారిలో నిలిపినాడు. ఇండియనులనగా ఇచ్చట మనము కాము. తూర్పుదేశము చేరితిమని పొరబడిన నావికులు అమెరికా ఆదివాసులకు తగిలించిన పేరది. హాలీవుడ్ కొండపై ప్రసిద్ధములైన తెల్లని అక్షరము లున్నవి గదా, 1923లో అవి యిండ్లస్థలముల అమ్మకమునకు పెట్టిన ప్రకటన ఫలకమే. ఆ అక్షరముల రూపమునే తీసికొని, “ఈ నేల యెవరిది? ఎవరు ఎవరికి అమ్మినారు?” అని గలానిన్ అడిగినాడు. ఆ లోయ కహూయియా అను ఆదివాసుల జన్మభూమి. మా సాగరు దారి పొడవునను పంటచేలలో రంగురంగుల జెండాలు, ప్లాట్ల ప్రకటనలు నిలిచియున్నవి. చూచిచూచి మన కన్నులకు అవి కనబడుటయే మానినవి. గలానిన్ అక్షరములను చూచిన తరువాత నాకు మా దారిలోని ఫలకములు మరల కనబడ నారంభించినవి.

ఆ సంవత్సరమే ఘనా దేశపు కళాకారుడు సెర్జ్ అటుక్వే క్లాటీ, పసుపుపచ్చని ప్లాస్టిక్ నీళ్లడబ్బాలను ముక్కలుగా కోసి, కుట్టి, పెద్ద ఘనాకృతులకు తొడిగి ‘కోరికల బావి’ యని పేరు పెట్టినాడు. ఘనాలో జనులు మైళ్లు నడచి నీరు మోసుకొని తెచ్చునవి ఆ డబ్బాలే. దీనికి వ్యాఖ్యానము వ్రాయుటకు పండితుడు అక్కరలేదు. ప్లాస్టిక్ బిందెలు వరుసగా పేర్చి ట్యాంకరు కొరకు కాచుకొన్న తల్లులను, ఫ్లోరైడు నీరు త్రాగి నడుము వంగిన నల్లగొండ సీమ జనులను చూచిన యే తెలంగాణ విద్యార్థియైనను ఆ పసుపుపచ్చని దిమ్మెల యెదుట నిలిచి దాని యర్థమును మనకే చెప్పగలడు.

2025 ప్రదర్శనములో తొంబదేండ్లు దాటిన ఆగ్నెస్ డీన్స్ అను వృద్ధ కళాకారిణి యొక పిరమిడును కట్టించి, దాని మెట్లనిండ ఆ ప్రాంతపు మొక్కలను నాటించినది. 1982లో న్యూయార్కు నగరపు నడిబొడ్డున, కోట్ల డాలర్ల వెల గల రెండెకరముల భూమిలో గోధుమ పండించి కోయించినది ఈమెయే. మన రైతు యేటేట చేయు పనియే. కాని దానిని చేయరాని చోట చేసి చూపినందున, భూమి వెల యేమి, తిండి వెల యేమి యను ప్రశ్న లోకమున కెల్ల వినబడినది.

ఇంతవరకు చదివి, “మాస్టారు విదేశీయుల వింతలకు మురిసిపోవుచున్నారు” అని మిత్రులు కొంద రనుకొనవచ్చును. వారి యాక్షేపములను త్రోసిపుచ్చను. అందు రెండు బలమైనవి.

మొదటి యాక్షేపము: శిల్పి చేయి పడనిది శిల్ప మెట్లగును? పనితనము లేని చోట కళ యెక్కడిది? అమరావతి సున్నపురాతి చక్రములను, రామప్ప మదనికలను చూచిన కన్నులకు కోసిన దిమ్మెలు శిల్పములుగా తోచకుండుట న్యాయమే. వీనిలో కొన్ని వట్టి గారడి యని నేనును తలంతును. పెద్దది చేసినంత మాత్రమున గొప్పది కాదు. మారుమూల పెట్టినంత మాత్రమున గంభీరము కాదు. అయినను ఒక సంగతి కలదు. కావ్యమున కవి కొత్త మాటను సృష్టించుట అరుదు. నిఘంటువులో నున్న మాటనే, ఉండవలసిన చోట నిలుపును. తావు మారుటచే మాట వెలుగును. రాతికిని అంతే. నిలుపుటయు పనితనమే. ఎచ్చట, ఏ దిక్కుగా, దేని ప్రక్కన, ఏ వెలుగులో నిలుపవలెనో ఎరుగుట చిన్న విద్య కాదు.

రెండవ యాక్షేప మింకను బలమైనది: ఎడారి యేమైన శూన్యమా, ఎవరికి తోచినది వారు తెచ్చి పెట్టుటకు? ఎడారిలో ప్రాణు లున్నవి, మొక్క లున్నవి, మనుష్యు లున్నారు. ఈ ప్రశ్న ఆ ప్రదర్శనమునకే యెదురైనది. 2019లో జెన్నీ హోల్జర్ కొండరాతిపై వెలుగు అక్షరములను ప్రసరింపజేయ తలపెట్టగా, అచ్చటి కొండగొఱ్ఱెలకు రోగము సోకియున్నదని ఆ యత్నమును మానుకొనిరి. 2021లో జూడీ షికాగో రంగుపొగల ప్రదర్శనము చేయబూనినప్పుడు, ఆ గొఱ్ఱెలకు హాని యని పర్యావరణవాదు లడ్డుపడగా, స్థలమిచ్చెదమన్న జంతు సంరక్షణ సంస్థ వెనుకకు తగ్గినది. కళకంటె గొఱ్ఱె ముఖ్యమా యని కొందరు హేళన చేయవచ్చును. గొఱ్ఱె యింటికి మనము చుట్టములుగా పోయినాము, చుట్టము మర్యాద యెరుగవలెనని నా యభిప్రాయము.

డబ్బు సంగతియు నున్నది. 2020లో ఈ ప్రదర్శనము సౌదీ అరేబియాలోని అల్ ఉలా ఎడారికి, ఆ ప్రభుత్వపు ప్రాపున వెళ్లినది. 2018లో పాత్రికేయుడు జమాల్ ఖషోగ్గి హత్య జరిగిన తరువాత ఆ ప్రభుత్వముతో చేయి కలుపుట తగదని, ప్రసిద్ధ చిత్రకారుడు ఎడ్ రుషే మొదలగువారు సంస్థ పాలకవర్గము నుండి తప్పుకొనిరి. ఆ ప్రదర్శనములోనే సౌదీ కళాకారిణి మనాల్ అల్ దోవయాన్, వానకు నిలిచిన నీటి మడుగులవలె కనబడు ఎగురుబల్లలను ఇసుకలో అమర్చి, తరుగుచున్న నీటిని గురించి చెప్పినది. మంచి కళయు, చిక్కుపడ్డ ధనమును ఒకే యిసుకపై నిలిచినవి. రాజాశ్రయమును కాదని కష్టపడిన కవియు, రాజాశ్రయమున సుఖించిన కవియు మన సాహిత్య చరిత్రలో నిద్దరు నున్నారు. కనుక ఈ వాదము మనకు కొత్తది కాదు. పోషకుని కీర్తిని, కావ్యపు విలువను వేరువేరుగా తూచుట మనము నేర్చిన విద్యయే.

ఈ యాక్షేపములు రెంటిని ఒప్పుకొని, ఇక మన నేలను చూతము.

నారాయణపేట జిల్లాలో, కృష్ణానది చేరువను, ముడుమాల యను గ్రామ మున్నది. అచ్చట మెట్టనేలలో, మనిషికి రెండింతల యెత్తు గల నిలువురాళ్లు వరుసలు తీరి నిలిచియున్నవి. బృహచ్ఛిలాయుగపు జనులు వానిని నిలిపి మూడువేల యేండ్లు దాటినదని పరిశోధకుల మాట. అయనములు మారు దినములలో సూర్యుని ఉదయాస్తమయములకు ఆ రాళ్ల వరుసలు సరిపడుచున్నవనియు, ఒక బండపై గుంటలుగా తొలిచినది సప్తర్షి మండలమే యనియు వారు గుర్తించినారు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయపు ఆచార్యులు కె.పి. రావుగారు చిరకాలము వీనిని పరిశీలించినారు. ఊరివారు నిలురాళ్ల తిమ్మప్ప యని కొలుచుచున్నారు. 2025లో ఈ స్థలము యునెస్కో ప్రపంచ వారసత్వపు తాత్కాలిక జాబితాలో చేరినది.

నాన్సీ హోల్ట్ గొట్టములను మరల తలచుకొనుడు. సూర్యుని కొరకు అమర్చిన నాలుగు గొట్టములు, వానిలో నక్షత్రములు. ముడుమాలలో సూర్యుని కొరకు అమర్చిన నిలువురాళ్లు, బండపై సప్తర్షులు. నడుమ మూడువేల యేండ్లు, ఒక మహాసముద్రము. ఆమె మనవారిని చూచి నేర్చినదని చెప్పుట నా యుద్దేశము కాదు. అట్టి గొప్పలు మనకు వలదు. చెట్టు చేమ లేని విశాలమైన నేలపై నిలిచిన మనిషికి, ఆకాశము పెద్దదై కనబడినప్పుడు, ఒక గురుతు నిలుపవలెనను కోరిక పుట్టును. కోచెల్లాలోనైనను, కృష్ణాతీరముననైనను ఆ కోరిక యొక్కటే.

లేపాక్షి నంది దీనికి మరియొక సాక్షి. వానకు మొగము వాచిన అనంతపురపు సీమలో, గుడి ప్రాకారమునకు దూరముగా, ఆరుబయట, ఉన్న బండను ఉన్నచోటనే తొలిచిరి. 27 అడుగుల పొడవు, 15 అడుగుల యెత్తు. గుడిలోని వీరభద్రస్వామి సన్నిధికి రమ్మని ఆ బండను పిలువక, శిల్పియే బండ కడకు పోయినాడు. మన కాలమున జరిగినది దీనికి తారుమారు. భువనగిరి చేరువను రాయగిరి కొండలో తొలిచిన 58 అడుగుల బుద్ధవిగ్రహమును హుస్సేన్‌సాగరు నడుమకు తరలింపబోగా, 1990లో పడవ ఒరిగి విగ్రహము నీట మునిగినది, కొందరు ప్రాణములు కోల్పోయిరి. 1992లో దానిని పైకి తీసి నిలిపిరి. ఆ విగ్రహము సుందరమే. కాని రాతిని దాని తావు నుండి కదలించుటకు మనము చెల్లించిన మూల్యమును మరువరాదు.

ఇంత దూరము పోనేల? మన పల్లెలో ప్రతి యూరి నడుమను బొడ్రాయి యున్నది. చెక్కినది కొద్ది, నిలిపినది మిక్కిలి. ఊరికి బొడ్డు ఇది యని యొక రాతిని నిలిపి, పసుపు కుంకుమ లద్దిన నాటినుండి ఆ రాయి రాయి కాదు. గుట్టపై నొక గుండునకు సున్నము పూసి బొట్టు పెట్టిన నాటినుండి అది పోతరాజు. మా విద్యార్థి అవ్వకు ఈ విద్య తెలియును. ఆమె దానికి శిల్పమని పేరు పెట్టలేదు, అంతే.

భాషను బోధించువాడను గనుక భాషలోని మాట యొకటి చెప్పెదను. పన్ను వేయుటకు వీలులేక రెవెన్యూ లెక్కకు వెలుపల విడిచిన భూమికి ‘పోరంబోకు’ అని పేరు. ఆ మాట కాలక్రమమున మనుష్యులకు తిట్టయినది. లెక్కకు రానిది పనికిరానిది, పనికిరానిది నింద్యము అను తలంపు ఆ యొక్క మాటలో గూడు కట్టుకొనియున్నది. మొద్దువానిని ‘బండ’ యందుము. దయలేనివానిది ‘రాతిగుండె’ యందుము. విలువలేనివి ‘రాళ్లు రప్పలు’. కాని మాట చెరగరాదనుకొన్నప్పుడు శిలాశాసన మందుము. ఒకే రాతిని పట్టి మన భాష రెండు నాలుకలతో మాటలాడుచున్నది. పిల్లలు నిత్యము వినునది మొదటి నాలుకనే.

దాని ఫలము కంటి యెదుట నున్నది. హైదరాబాదు చుట్టునున్న ఈ గుండ్లు రమారమి 250 కోట్ల యేండ్ల వయసు గలవి. ఎండకు, వానకు పగిలి, గుండ్రనై, ఒకదానిపై నొకటి మోపి నిలిచిన తీరు ఏ శిల్పికిని సాధ్యము కాదు. వీని రక్షణకై 1996లో హైదరాబాదున ‘శిలా సంరక్షణ సంఘము’ ఏర్పడినది. కేంద్రీయ విశ్వవిద్యాలయపు ఆవరణలో పుట్టగొడుగు ఆకారపు బండ నేటికిని నిలిచియున్నది. నిలిచినవానిని వేళ్లపై లెక్కింపవచ్చును. పేలి, పొడియై, రోడ్ల క్రిందను, గోడల నడుమను చేరినవానికి లెక్క యెవరు వ్రాసినారు?

ఇతరులను నిందించుటకు ముందు నా సంగతి చెప్పుట న్యాయము. నా చిన్ననాట మా పశువులు నీరు త్రాగిన దొన యొకటి యుండెడిది. దాని ప్రక్కన రెండు గుండ్లు తలలు ఆనించుకొన్నట్లు నిలిచెడివి. వాని సందున మా పిల్లల కొలువు. కొన్నేండ్ల క్రింద ఆ గుట్టను పేల్చినారు. మధ్యాహ్నము పాఠము చెప్పుచుండగా ఆ చప్పుడు కిటికీ రెక్కలను కదిలించెడిది. నేను పాఠము నొక క్షణ మాపి, మరల మొదలుపెట్టుచుంటిని. అంతకు మించి నేను చేసినది లేదు. ఆ యేడే నా యింటికి పైకప్పు వేసితిని. లారీలో వచ్చిన కంకర ఏ గుట్టదని నేనడుగలేదు. అడిగియుండిన, సమాధానము నాకు ముందే తెలియును.

కనుక, రాయి కొట్టరాదు, ఇండ్లు కట్టరాదు అను మాట నా నోట రాదు. రాయి కొట్టి బ్రతుకు వడ్డెర కుటుంబము లున్నవి. వారి చేతి నేర్పుతోనే మన ఊరి బావులు, గుళ్లు, గోడలు నిలిచినవి. నా మాట యింతే: కొట్టుటకు ముందు చూడవలెను. ఏది కొట్టదగినది, ఏది నిలుపదగినది యని యెంచవలెను. ఎంచుటకు కన్ను కావలెను. ఆ కన్నును తెరపించుటయే ఎడారి ప్రదర్శనముల వలని మేలు. కోట్లు వెచ్చించి అట్టి ప్రదర్శనమును తెచ్చి మా గుట్టలపై దించుమని నేను కోరను. తెచ్చిన, దానికి దారి వేయుట కొరకు మరి రెండు గుట్టలు పోవునేమో! ప్రదర్శనమును వారికి విడిచి, ఆ చూపును మాత్రము మనము తెచ్చుకొందము.

ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపము. చిత్రలేఖనపు గంట మన బడులలో తరచు లెక్కల పరీక్షకు బలియగుచున్నది. ఆ గంటను నెల కొకమారైనను బడి వెలుపలికి కొనిపొండు. పిల్లలను ఊరి గుట్టకు నడిపింపుడు. ఏ గుండునకు ఊరివారు ఏ పేరు పెట్టినారో ముసలివారి నడిగి వ్రాయింపుడు. ఎలుగుబంటి గుండు, దొంగల బండ, అక్కచెల్లెండ్ల రాళ్లు వంటి పేళ్లు ఏ నిఘంటువునను దొరకవు. ఆ ముసలివారితోనే అవియు పోవును. ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము ఒకే బండను మూడుమార్లు గీయింపుడు. నీడ యెటు తిరిగినదో పిల్లలే కనుగొందురు. ముడుమాలలో ఆ రాళ్లను నిలిపినవారికిని గురువు నీడయే.

తరువాత, పిల్లలనే యొక కొలువు తీర్పుమనుడు. రాలిపడిన రాళ్లు, ఎండుపుల్లలు, చెరువుమట్టి, పాత బిందెలు చాలును. రెండు నియమములు మాత్ర ముండవలెను. ఉన్న రాతిని గీయరాదు, రంగు పూయరాదు. సాయంకాలమునకు తీసివేసి, నేలను మునుపటివలె విడువవలెను. ఊరి వడ్డెర మేస్త్రిని పిలిచి, రాయిని ఏ పొరను బట్టి చీల్చుదురో, ఏ రాయి ఉలికి లొంగునో పిల్లలకు చెప్పింపుడు. ఆ దినమున బడిలో ఆయనయే గురువు. ఆయనను కుర్చీపై కూర్చుండబెట్టి, ఇతర అతిథులకిచ్చు సంభావన ఆయనకును ఇవ్వవలెను.

చివరగా, పిల్లలు సేకరించిన పేళ్లతో ఊరి గుట్టల పట్టిక యొకటి సిద్ధము చేసి గ్రామసభ ముందు పెట్టుడు. వీనిలో ఇన్నింటిని నిలుపుకొందమని ఊరు తీర్మానించుకొన్నచో అది చిన్న పని కాదు. పట్టికలో పేరు లేని గుట్ట యెవరికిని చెందనిది. పేరున్న గుట్టను పేల్చుటకు వచ్చినవాడు ఒక్క నిమిషమైనను ఆగి సమాధానము చెప్పవలసియుండును. ఆ ఒక్క నిమిషము మా దొనకు దొరకలేదు.

మా విద్యార్థికి కొన్ని దినముల తరువాత నా సమాధానము చెప్పితిని. “నువ్వు చూపిన ఫోటోలో రాళ్లను ఒకరు ఆగి చూసినారు, ఎక్కడ నిలుపాలెనో ఆలోచించినారు. మీ క్వారీ కాడి రాళ్లను ఇంకా ఎవరూ ఆగి చూడలేదు. తేడా రాళ్లలో లేదు” అంటిని. వాడు కొంతసేపు ఊరకుండి, “అయితే సార్, మా గుట్టల ఇంక సగం ఉన్నది. ఆదివారం వస్తరా?” అని యడిగినాడు.

పోయినాము. మరి నలుగురు పిల్లలు కూడ వచ్చినారు. మిగిలిన సగములో ఏడు గుండ్లకు పేళ్లున్నవని వాని తాత చెప్పినాడు. వ్రాసికొన్నాము. పట్టికకు అది మొదటి పుట.